ఇంజిను కడిగే ఆయిలు

మూడో తారీకు, సోమవారం

ఈ నోటుపుస్తకం అమ్మాయి ఇచ్చింది. కుట్టుపని కొలతలు రాసుకునేది, సగం కాగితాలు మిగిలాయి. "అమ్మా, నీ భయాలన్నీ పొద్దస్తమానం నాకు చెప్పకు, మిషను మీద సూది తప్పుతోంది. ఇందులో రాసుకో, ఎవరం చూడం" అంది. నాది నాలుగో తరగతితో ఆగిన చదువు. తప్పులుంటే ఉంటాయి, దిద్దేవాళ్లు ఎలాగూ లేరు.

ఇవాళ్టి భయం అల్లుడి కారు. పొద్దున స్టార్టు చేయగానే వెనక నుంచి నీలం పొగ ఒక్కసారి బుస్సుమని వస్తుంది. ఎదురింటావిడ కిటికీ మూసుకుంటుంది, మూసుకున్నట్టు మాకు వినపడేలా మూసుకుంటుంది. ఇరవై నాలుగో తారీకున రవాణా ఆఫీసులో పొగ పరీక్ష. అందులో పోతే ఇక అద్దెకు తిప్పడానికి కాగితం ఇవ్వరు. కాగితం లేకపోతే అల్లుడు ఏం చేస్తాడు? పదిహేనేళ్లుగా స్టీరింగు తప్ప ఇంకోటి పట్టుకోని మనిషి.

అదేం పెద్ద సంగతి కాదన్నట్టు అల్లుడు సాయంత్రం ఒక డబ్బా తెచ్చాడు. నాలుగు లీటర్లది, బంగారు రంగు. ఇంజిను కడిగే ఆయిలట. డబ్బా మీద ఇంజినుని దోసకాయలా నిలువునా కోసి చూపించారు, సగం నల్లగా, సగం తళతళా. భోజనం ముందు పెట్టుకుని అల్లుడు రెండుసార్లు పైకి చదివాడు. "మొదటి చుక్క నుంచే శుభ్రత. ముసలి ఇంజినుకి మళ్లీ యవ్వనం."

"ఒక చెంచా మీ అత్తగారికీ పొయ్యండి, మోకాళ్లకి" అంది అమ్మాయి. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంత బలమైన మందు అంత ముసలి ఇంజిను తట్టుకోగలదా?

నాలుగో తారీకు

తమ్ముడి షెడ్డుకి వెళ్లాను. మా వీధి చివరే. కార్లు బాగుచేస్తాడు, నలభై ఏళ్ల అనుభవం, గోళ్లలో నలుపు ఇక ఈ జన్మకి పోదు. కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్లతోనే మాట్లాడాను.

"ఆ ఆయిలు మంచిదేనా?"

"ఆ బండికా? అక్కా, ఆ ఇంజిను లోపల ఇరవై ఏళ్ల మురికి ఉంది. ఇప్పుడు ఆ మురికే దానికి గోడ. కడిగేశావంటే గోడ పడిపోద్ది, ఇంజిను నడివీధిలో కూర్చుంటుంది."

నాకు మా బిందె గుర్తొచ్చింది. పోయినేడు పాత నీళ్ల బిందెను మెరవాలని ఇసుకపెట్టి తోమాను. మెరిసింది. మర్నాడు పొద్దున అడుగున చిల్లి. అన్నేళ్లూ ఆ చిల్లిని మూసి ఉంచింది మకిలే.

ఐదు

నిద్ర లేదు. బిందె, ఇంజిను, బిందె, ఇంజిను.

అల్లుడితో చెప్పొచ్చు కదా అంటారు ఎవరైనా. పెళ్లయి పద్నాలుగేళ్లయినా అల్లుడితో నేను ఎదురుగా ఒక మాట అనలేదు. ఏదున్నా అమ్మాయితో అంటాను, ఆయన అక్కడే కూర్చుని వింటాడు, జవాబు అమ్మాయికి చెబుతాడు. అలా అలవాటైంది. అమ్మాయితో అంటే, "వచ్చాడూ నీ తమ్ముడు, ఆయిలు అమ్మినవాడికంటే ఆయనకెక్కువ తెలుసా" అంది. వినేవాడు విన్నాడు, నవ్వాడు.

రేపు పొద్దున కారు షెడ్డులో వదిలి ఆయిలు మార్పించుకుంటాడట. డబ్బా కూడా అక్కడే పెట్టి వస్తాడట.

ఆరో తారీకు, గురువారం

పని అయిపోయింది. ఏ పనో రాయను.

ఏడు

రాయనన్నాను గానీ రాయకపోతే కడుపు ఉబ్బేలా ఉంది. ఇక్కడ తప్ప ఎక్కడ చెప్పుకుంటాను.

నిన్న తమ్ముడికి భోజనం పట్టుకెళ్లాను. కారు అక్కడుంది, పాత ఆయిలు కారిపోతోంది. డబ్బా ఇంకా మూత తియ్యలేదు. "ఒరేయ్, ఆ బంగారుదొద్దు, నువ్వు అందరికీ పోసే మామూలుది పొయ్యరా" అన్నాను.

"తప్పక్కా. ఎవరి బండిలో వాళ్లు తెచ్చిందే పోస్తాను. నలభై ఏళ్లలో ఒక్కరిని మోసం చేయలేదు."

"నా మీద ఒట్టు."

"అక్కా!"

"ఎవరికీ చెప్పకు కూడా. నా మీద ఒట్టు అంటున్నానా."

కళ్లు కూడా కాస్త తుడుచుకున్నాను. రెండో కన్ను పొడిగానే ఉంది, అయినా తుడిచాను. "చిన్నప్పటినుంచీ ఏడిచి పని చేయించుకుంటావు నువ్వు" అని తిట్టుకుంటూ తన డ్రమ్ములోని మామూలు ఆయిలు పోశాడు. బంగారు డబ్బాను కూరల సంచిలో పెట్టుకుని వచ్చేశాను. చేయి పీకేసింది. ఇప్పుడది నా పెట్టెలో పాత దుప్పట్ల కింద ఉంది. కారితే దుప్పట్లు పోతాయి. అంటుకుంటే ఇల్లే పోతుంది. రెండుసార్లు తీసి మూత బిగించాను.

ఇది మోసం కాదు. అల్లుడు నన్ను ఏం పోశారని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

ఎనిమిది, శనివారం

పొద్దున స్టార్టు చేసి అల్లుడు కేక పెట్టాడు. "ఏమేవ్, ఇలా రా! విను, పట్టు లాగినట్టు లేదూ?"

అమ్మాయి చేతిలో కత్తెరతోనే బయటికొచ్చి తల వాల్చి వింది. "అవునండీ. మెత్తగా ఉంది."

"నిన్నటిదాకా గొంతులో కఫం ఉన్నట్టుండేదా? ఇప్పుడు చూడు."

నేను గుమ్మంలోంచి విన్నాను. నిజంగానే మెత్తగా ఉంది. చాలా మెత్తగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను, డబ్బుకు తగ్గ ఆయిలే అనుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఆ ఆయిలు నా దుప్పట్ల కింద ఉందని.

పది

టాక్సీ స్టాండులో అందరికీ చెప్పాడట. అక్కడి మీసాల డ్రైవరు కూడా ఆ ఆయిలే కొని పోయించుకున్నాడట. ఆయిలు దుకాణం యజమాని సంతోషం పట్టలేక అల్లుడి కారు వెనక అద్దానికి స్వయంగా కాగితం అంటించాడు. "నా ఇంజిను లోపల అద్దంలా ఉంది. మరి మీది?"

ఈ వీధిలో వెళ్లే ప్రతి బండినీ ఆ కాగితం అడుగుతోంది. నన్ను మాత్రం వేరే అడుగుతోంది.

పదమూడు, గురువారం

ఇవాళ రాయడానికి చాలా ఉంది.

మధ్యాహ్నం మీసాల డ్రైవరు తన కారు తెచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. మనిషి సన్నం, మీసం లావు. దిగుతూనే మొదలుపెట్టాడు. "ఏం అన్నా, నీ మాట విని పోయించాను. నాలుగు రోజులవుతోంది. నాకేం తేడా లేదే?"

"లేకపోవడమేంటి. నీకు చెవులు లేవు."

"చెవులున్నాయి, మైలేజీ రాసుకునే పుస్తకం కూడా ఉంది. రెంటిలోనూ తేడా లేదు."

"సరే, రెండూ పక్కపక్కన పెడదాం. నలుగురూ వింటారు."

రెండు కార్లూ వీధిలో పక్కపక్కన నిలబెట్టి స్టార్టు చేశారు. బోనెట్లు ఎత్తారు. ఎదురింటావిడ కిటికీ తెరుచుకుంది, మొదటిసారి. ఇస్త్రీ బండి ఆయన పెట్టె పక్కన పెట్టి వచ్చాడు. అందరూ చేతులు వెనక కట్టుకుని, ఒకసారి దీని దగ్గర ఒకసారి దాని దగ్గర వంగి వింటున్నారు, పసిపిల్లల ఉయ్యాల దగ్గర వంగినట్టు.

"అన్న బండే బాగుంది" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"తేడా స్పష్టంగా తెలుస్తోంది" అంది ఎదురింటావిడ. "అతనిది గరగర, ఇతనిది ఝుంఝుం."

"చూశావా?" అన్నాడు అల్లుడు. ఆ ఆనందంలో నా వైపే తిరిగాడు. "అత్తయ్యా, మీరు చెప్పండి. మీకు అబద్ధం రాదు."

పద్నాలుగేళ్లలో ఎదురుగా అడిగిన మొదటి మాట. దానికి ఇదా సమయం.

అసలైన బంగారు ఆయిలు ఉన్నదేమో గరగర. డ్రమ్ము ఆయిలు ఉన్నదేమో ఝుంఝుం. నేను అమ్మాయి వైపు తిరిగి, "రెండూ బాగానే దగ్గుతున్నాయని చెప్పవే" అన్నాను. అందరూ నవ్వారు. మీసాల డ్రైవరు మాత్రం నవ్వలేదు. తన బోనెట్ మూసి, దాని మీద చెయ్యి వేసి, ఏం పాపం చేశావే నువ్వు అన్నట్టు నిలబడ్డాడు. పాపం చేసింది అది కాదు.

పద్నాలుగు

పొద్దున పొగ మళ్లీ వచ్చింది. నీలంగా, బుస్సుమని. తగ్గలేదు, ఇంకాస్త ఎక్కువే. అల్లుడు దాన్ని కూడా చూసి సంతోషించాడు. "చూడవే, లోపలున్న మురికి ఎలా బయటికొచ్చేస్తోందో."

అంటే పొగ తగ్గితే ఆయిలు గొప్ప. పెరిగితే ఇంకా గొప్ప. ఇక ఓడిపోయే దారే లేదు దానికి.

సాయంత్రం తమ్ముడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "అబ్బాయ్, ఇరవై నాలుగు దగ్గర పడుతోంది. ఆ పొగ వాల్వు సీళ్ల దగ్గర్నుంచి వస్తోంది. రబ్బరు ఎండిపోయింది, రాత్రంతా ఆయిలు లోపలికి కారి పొద్దున కాలుతోంది. రెండ్రోజులు బండి ఇవ్వు, మార్చేస్తా."

"వద్దు బాబాయ్. ఆయిలు పని చేస్తోంది. పది రోజుల్లో తగ్గిపోతుంది."

"ఏ ఆయిలైనా…" అని నన్ను చూశాడు. నేను నేలను చూశాను. "ఏ ఆయిలైనా రబ్బరు మొలిపించదు నాయనా."

"మీ కాలం అయిపోయింది బాబాయ్. ఇప్పుడు డబ్బాలు వచ్చాయి."

తమ్ముడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా వెనకే వెళ్లాను. "అక్కా, లేని ఆయిలుని నమ్ముకుని ఉన్న రిపేరు మానేస్తున్నాడు. పరీక్షలో పోవడం ఖాయం. చెప్పు."

"నువ్వే చెప్పరా."

"ఒట్టు వేసింది నువ్వు. నోరు కట్టేసింది నువ్వు. విప్పాల్సిందీ నువ్వే."

ఇంజిను కాపాడదామని చేశాను. ఇప్పుడు బండి కాగితమే పోయేలా ఉంది, నా చేతుల మీదుగా.

పదహారు, ఆదివారం

ఇవాళ చెబుతాను.

పదిహేడు

చెప్పలేదు. పొద్దున తొందరలో ఉన్నాడు. తొందరలో ఉన్న మనిషికి చెప్పకూడదు.

పద్దెనిమిది

చెప్పలేదు. సాయంత్రం తీరిగ్గా ఉన్నాడు. తీరిగ్గా ఉన్నవాడికి ఎందుకు చెప్పడం, ఆలోచిస్తూ కూర్చుంటాడు.

పంతొమ్మిది

వాన.

ఇరవై, గురువారం

ఇంకో దారి తోచింది. ఇన్ని రోజులకు తోచిన మంచి ఆలోచన. చెప్పడం ఎందుకు? ఆయిలు లోపల పోసేస్తే నేను చేసింది అబద్ధమే కాకుండా పోతుంది. మురికి గోడ పడినా పడనీ. పరీక్షలో పోవడం కంటే నయం.

మధ్యాహ్నం అల్లుడు బోనెట్ ఎత్తి ఇంజిను చల్లారడానికి వదిలేసి కునుకు తీస్తున్నాడు. అమ్మాయి మిషను గడగడా తిరుగుతోంది. డబ్బా తీసుకెళ్లాను. లోపల చూస్తే పైపులు, తీగలు, అయిదారు మూతలు. ఏది దేనిదో తెలియలేదు. అప్పుడు ఒక నీలం మూత కనపడింది. దాని మీద బొమ్మ, నీళ్లు చిమ్ముతూ కడుగుతున్నట్టు. కడిగే ఆయిలు పొయ్యాల్సింది కడిగే బొమ్మ దగ్గరే కదా. అక్షరం రాని వాళ్ల కోసం ఎంత జాగ్రత్తగా పెట్టారో అనుకున్నాను. మూత వేలితోనే వచ్చేసింది. పోశాను. ముప్పావు లీటరు కూడా పట్టకుండానే అంచుదాకా నిండింది. మిగిలింది మళ్లీ దుప్పట్ల కిందికి.

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఇరవై ఒకటి, శుక్రవారం

అయిపోయింది. అంతా అయిపోయింది.

స్టాండులో ఆపి ఉన్న కారులో కూర్చుని, ముందు అద్దం మీద దుమ్ముందని అల్లుడు నీళ్లు చిమ్మే మీట నొక్కాడట. నీళ్లు రాలేదు. చిక్కగా, బంగారు రంగులో, తేనెలా రెండు ధారలు దిగాయట. ఏమిటా అని చూస్తుండగానే వైపరు అటూ ఇటూ తిరిగి అద్దమంతా పూసేసిందట. మీసాల డ్రైవరు పరిగెత్తుకొచ్చి స్టాండంతా వినేలా అన్నాడట. "అన్నా! నీ ఆయిలు ఇంజిను కడగడం అయిపోయి అద్దాలు కడగడానికి బయల్దేరిందే!"

అల్లుడు బట్టతో తుడిచీ తుడిచీ మసక అద్దంతోనే నెమ్మదిగా ఇంటికొచ్చాడు. వేలితో కాస్త తీసి వాసన చూశాడు. "వాడని ఆయిలు. చుక్క నలుపు లేదు. నేను కొన్నది ఇంజినులో ఉంటే, ఇదెక్కడిది?"

అమ్మాయి మిషను ఆపింది.

"చెప్పవే మీ ఆయనకి" అన్నాను అమ్మాయితో. "చెప్పు, ఆ డబ్బా నా పెట్టెలో ఉందని. బండిలో ఉన్నది మామూలుదని. బిందెకి చిల్లి పడ్డట్టు పడుతుందని భయపడ్డానని. తమ్ముడికి నా మీద ఒట్టు పెట్టింది నేనేనని, వాడి తప్పు లేదని. నిన్న బొమ్మ చూసి పోసింది కూడా నేనేనని."

అమ్మాయి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాల్సినవాడు అక్కడే ఉన్నాడుగా. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియకుండా నోటికి కొలతల టేపు అడ్డం పెట్టుకుంది.

అల్లుడు అరుగు మీద కూర్చున్నాడు. కోపం వస్తే బావుండేది. రాలేదు. "మరి ఇన్నాళ్లూ నేను విన్నదేమిటి?" అన్నాడు. ఎవరినీ కాదు, ఆ కారునే అడిగినట్టు.

అమ్మాయి వైపు తిరగడం మర్చిపోయాను. "నేనూ విన్నాను నాయనా" అన్నాను. "లోపల ఆ ఆయిలు లేదని తెలిసి కూడా విన్నాను. మెత్తగానే ఉంది."

ఆయన నన్ను చూశాడు. లేచి వెళ్లి వెనక అద్దం మీది కాగితం గోటితో గీకడం మొదలుపెట్టాడు. అది ఊడలేదు. జిగురు గట్టిది. డబ్బా మీద రాయాల్సింది ఆ జిగురు గురించి.

ఇరవై రెండు, శనివారం

పొద్దున్నే అల్లుడు కారు షెడ్డుకి తీసుకెళ్లాడు. పరీక్షకు మిగిలింది రెండ్రోజులే. నేనూ వెనకే వెళ్లాను, ఎవరూ రమ్మనలేదు.

"బాబాయ్, మీ కాలం ఇంకా అయిపోలేదు" అన్నాడు అల్లుడు.

"తాళం ఇటియ్యి" అన్నాడు తమ్ముడు.

ఇంజిను పై మూత తీస్తే లోపల తారు పూసినట్టుంది. వాల్వుల దగ్గర రబ్బరు సీళ్లు పట్టకారుతో పట్టుకోగానే ఎండిన ఆకుల్లా పొడైపోయాయి. అల్లుడి అరచేతిలో పోశాడు తమ్ముడు. "పట్టుకో. పొగ ఇదే."

తర్వాత డబ్బా తెమ్మని, కళ్లద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "మొదటి చుక్క నుంచే శుభ్రత" పక్కన చిన్న చుక్క గుర్తుంది. డబ్బా అడుగున, చీమ కాళ్లంత అక్షరాల్లో, దాని జత గుర్తు. పైకి చదివాడు. "వరసగా రెండు మూడుసార్లు ఇదే ఆయిలు వాడితే, సుమారు పదివేల కిలోమీటర్ల తర్వాత. అరిగిన భాగాలకు వర్తించదు. బండి స్థితిని బట్టి ఫలితం మారవచ్చు."

"అయితే మోసమేనా?" అన్నాడు అల్లుడు.

"మోసం కాదు. మురికిని నెమ్మదిగా తీస్తుంది, మంచి ఆయిలే. కానీ మురికి వేరు, అరుగుదల వేరు. పెద్దక్షరాల్లో మొదటి చుక్క, చీమ అక్షరాల్లో పదివేల కిలోమీటర్లు. అదీ సంగతి."

"మరి మురికే గోడ అన్నావు?" అన్నాను.

"అదా…" తల గోక్కున్నాడు. "ఎక్కడో వందలో ఒక బండికి అలా అవుద్ది. నీ ముఖం చూసి ఆటపట్టించానక్కా."

ఒళ్లు మండిపోయింది. చేతికందిన స్పానరు ఎత్తాను. అల్లుడే అడ్డం వచ్చి, "అత్తయ్యా, సీళ్లు మార్చేదాకా ఆగండి, తర్వాత మీ ఇష్టం" అన్నాడు.

ఇరవై మూడు

ఆదివారమైనా తమ్ముడు పని చేశాడు. కొత్త సీళ్లు వేసి, డ్రమ్ము ఆయిలు తీసేసి, డబ్బాలో మిగిలిన బంగారు ఆయిలు పోశాడు. ఇంజినుకి పట్టేది మూడు లీటర్లేనట, సరిపోయింది. ఈసారి ముగ్గురం చూస్తుండగా పోశాడు. ఎవరి మీదా ఒట్టు లేదు.

అద్దం మీదికి నీళ్లు చిమ్మే తొట్టి కడగడానికే పూట పట్టింది. అది నాతో కడిగించారు.

ఇరవై నాలుగు, సోమవారం

పరీక్షకు నేనూ వెళ్లాను. అల్లుడు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. రవాణా ఆఫీసు వెనక పెద్ద ఆవరణ, ఇరవై కార్ల వరస. మా ముందు కారు పరీక్షలో పోయింది. దాని డ్రైవరు టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

మా వంతు. పొగ గొట్టంలో ఒక పైపు దూర్చారు. ఆపి మళ్లీ స్టార్టు చేయమన్నారు. నేను కళ్లు మూసుకున్నాను. బుస్సు లేదు. యంత్రంలోంచి చీటీ వచ్చింది. ఉండాల్సిన గీతకి కాస్త కిందుగా. కాస్తే, అయినా కింద.

"పాస్" అన్నాడు ఆఫీసరు. "ఇంత పాత బండి. ఏం చేశారు దీనికి?" వెనక అద్దం మీద చిరిగీ చిరగని కాగితం చదివాడు. "ఓ, ఆ ఆయిలా?"

అల్లుడు నోరు తెరిచాడు. మూశాడు. "కాదండి" అన్నాడు. "సీళ్లు మార్చాం. ఆయిలు సంగతి ఇంకా తెలీదు."

దారిలో స్టాండు దగ్గర ఆపి మీసాల డ్రైవరుకి మొత్తం చెప్పాడు, నా సంగతితో సహా. ఆయన మీసం పట్టుకుని చాలాసేపు నవ్వి, తన కారు దగ్గరికెళ్లి బోనెట్ మీద రెండు తట్లు తట్టాడు.

ఇరవై ఐదు

పొద్దున అల్లుడు స్టార్టు చేసి, అమ్మాయిని కాదు, నన్ను పిలిచాడు. "అత్తయ్యా, ఒకసారి ఇలా వస్తారా."

వెళ్లాను. బోనెట్ ఎత్తి ఉంది. ఇద్దరం వంగి విన్నాం. ఎదురింటి కిటికీ కూడా వింటోంది.

"ఇప్పుడు అసలైన ఆయిలు ఉంది. ఏమైనా తేడా వినపడుతోందా?"

బాగా విన్నాను. ఊపిరి బిగపట్టి విన్నాను. "లేదు నాయనా. ఎప్పటిలాగే ఉంది."

"నాకోసం అనడం లేదు కదా?"

"నిజంగానే లేదు."

"అమ్మయ్య" అన్నాడు. "నాక్కూడా లేదు." అని హాయిగా నవ్వి బోనెట్ మూసి బండెక్కాడు.